శనివారం కొండ, సోమవారం కసువు

పోయిన నవంబరులో ఒక శనివారం తెల్లవారుజామున మూడున్నరకి లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, నిద్రపోతున్న మా పాపని దుప్పటితో సహా కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని నంది కొండకి బయల్దేరాం. బెంగుళూరులో కాపురం ఉండేవాళ్ళకి ఇదొక వ్రతం. పద్నాలుగేళ్ళలో ఆరేడుసార్లు చేసుంటాను. ఊరు దాటి అరవై కిలోమీటర్లు. మనకంటే ముందే వందల కార్లూ బైకులూ గేటు దగ్గర బారులు తీరి ఉంటాయి. 1,478 మీటర్ల ఎత్తున మంచులో వణుకుతూ నిలబడితే సూర్యుడు దర్శనమిచ్చేది రెండు నిమిషాలు, మబ్బుంటే అదీ లేదు. ఆ రోజు మబ్బే.

అక్కడికి వెళ్ళినప్పుడల్లా నాకొక గొప్ప ఉంటుంది. మాది నెల్లూరు. మా పెన్నేరు పుట్టింది ఈ కొండల వరసలోనే, చెన్నకేశవ కొండ దగ్గర. ఇక్కణ్ణుంచి హిందూపురం పక్కగా అనంతపురం, కడప జిల్లాలు దాటి, దాదాపు 600 కిలోమీటర్లు నడిచి మా ఊరి దాకా వచ్చి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని, పాలారు, అర్కావతి కూడా ఈ చుట్టుపక్కలే పుట్టాయి. వెంట వచ్చిన ఆఫీసు స్నేహితులకి ఇదంతా చెబుతూ "మా ఏరు పుట్టిల్లు ఇది" అని చెయ్యి చాపి చూపించబోయాను. చెయ్యి చూపించిన చోట వాననీళ్ళ కాలువ ఉంది. దాని నిండా నీళ్ళ సీసాలు, నూడుల్సు కప్పులు, కొరికి పారేసిన మొక్కజొన్న కండెలు, చిప్స్ ప్యాకెట్లు.

కోపం వచ్చింది. టీ కొట్టతన్ని అడిగి ఒక గోనెసంచి తీసుకుని, మా పాపా నేనూ అరగంట ఏరాం. సంచి నిండింది. "గాజు సీసాలు నువ్వు ముట్టుకోకు, తెగుతుంది, నేను తీస్తాను" అని పాపకి రెండు మూడుసార్లు చెప్పాను. చివర్లో మా ఆయన ఫోటో తీశాడు, నేను పెట్టాను, లైకులు బాగానే వచ్చాయి. ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను.

ఆదివారం రాత్రి మా ఇంట్లో మాగాయ జాడీ జారి పడింది. పాత గాజు జాడీ, నెల్లూరు నుంచి అమ్మ పంపింది. పెద్ద పెంకులు చేత్తో తీసి, చిన్నవి చీపురుతో పోగుచేసి, అన్నీ వంటింటి చెత్త కవర్లో వేసి ముడేశాను. మాగాయ పోయిందన్న దిగులులో ఉన్నాను తప్ప గాజు సంగతి నాకు తట్టనే లేదు.

సోమవారం ఏడుంబావుకి మా వీధిలోకి కసువు బండి వస్తుంది. కన్నడంలో చెత్తని కస అంటారు. మా నెల్లూరు వైపు వాకిలి ఊడవడాన్ని కసువు చిమ్మడం అంటాం. ఈ ఊరికి వచ్చిన కొత్తలో నాకు అర్థమైన మొదటి కన్నడ మాట అదే. హసి కస అంటే తడిది, ఒణ కస అంటే పొడిది. బండి వెనక నడుస్తూ ఇంటింటికీ చెత్త అందుకునే అక్కది కదిరి దగ్గర పల్లె. బెంగుళూరులో వీధులు ఊడ్చేవాళ్ళలో, చెత్త ఎత్తేవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. రెండు మూడు తరాలుగా ఇదే పనిలో ఉన్న కుటుంబాలున్నాయి. వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో మన తెలుగు ఎంత వినిపిస్తుందో, పొద్దున ఆరింటికి రోడ్డు పక్కన కూడా అంతే వినిపిస్తుంది. మొదటిదాని గురించి మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.

ఆ రోజు అక్క మా కవరు అందుకుని, తడీ పొడీ కలిశాయేమోనని ముడి విప్పి చెయ్యి పెట్టింది. అరచేతిలో బొటనవేలి కింద రెండంగుళాలు తెగింది. నేను గేటు దగ్గరే ఉన్నాను.

"ఏమ్మా, గాజుపెంకులు ఇట్ల ఊరికే ఏసేస్తే ఎట్లమ్మా? పేపర్లో చుట్టి, ఇది గాజు అని ఒక మాట చెప్పకూడదా?"

లోపలికి పరుగెత్తి దూది, డెట్టాల్ తెచ్చాను. చెయ్యి కడుగుతుంటే "గ్లౌజులు వేసుకోవచ్చు కదక్కా" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది. తప్పు నాదైతే సలహా ఆమెకి.

"ఇచ్చినారమ్మా. చెమటకి జారిపోతాయి, సంచి పట్టు దొరకదు. నొప్పి ఏముందిలే, తగ్గిపోతాది. రేపు బండికి రాకపోతే కూలి పాయె, అదీ నా బాధ."

బండి ముందుకి వెళ్ళిపోయాక మా పాప స్కూలు బూట్లు వేసుకుంటూ, తల ఎత్తకుండానే అంది: "కొండ మీద గాజు ముట్టుకోవద్దని నాకు చెప్పావు కదమ్మా."

అంతే. పదమూడేళ్ళ పిల్ల. వెక్కిరించాలని కూడా అనలేదు.

అప్పణ్ణుంచి ఒక ఆలోచన నన్ను వదల్లేదు. ప్రకృతి అంటే ఇష్టం అని మనం చెప్పుకునేటప్పుడు ఆ ప్రకృతిని ఎక్కడ ఉంచుతున్నాం? ఊరికి అరవై కిలోమీటర్ల అవతల, కారులో వెళ్ళేచోట. కొండ, మంచు, అడవి, పెన్నేరు పుట్టిల్లు. అక్కడ ఒక కాగితం పడున్నా మనసు ఉడికిపోతుంది. మన గుమ్మం ముందు నుంచి మొదలయ్యేది మాత్రం ప్రకృతి కింద లెక్కలోకి రాదు, అది "చెత్త సమస్య". అది నగర పాలకుల పని, బండి పని, అక్క పని.

నా వంటింటి సింకు సంగతే తీసుకోండి. ఆ కుళాయిలోకి వచ్చే కావేరి నీళ్ళు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, వందల మీటర్ల ఎత్తుకి పంపులతో తోడిపోస్తే వస్తున్నవి. బెంగుళూరు ఒక మిట్ట మీద ఉంది, ఊళ్ళోకి పారే పెద్ద నది ఏదీ లేదు. అందుకే పాతకాలం వాళ్ళు ఒక చెరువు నిండితే దాని అలుగు నీళ్ళు కింది చెరువులోకి పోయేలా గొలుసుకట్టుగా చెరువులు తవ్వించారు. ఇప్పుడు ఆ గొలుసులో పారేది ఎక్కువగా మన వాడకపు నీళ్ళే. తూర్పు వైపు నీళ్ళు బెళ్ళందూరు చెరువులోకి, అక్కణ్ణుంచి వర్తూరులోకి, ఆ తర్వాత దక్షిణ పినాకినిలోకి, హోసూరు పక్కన కెలవరపల్లి డ్యాములోకి పోతాయి. నేను గిన్నెలు తోమిన నీళ్ళు చివరికి కడలూరు దగ్గర సముద్రం చేరతాయి. ఆ ఏరు పుట్టిందేమో నేను సూర్యోదయం చూడబోయిన ఆ కొండల్లోనే.

2015లో బెళ్ళందూరు చెరువు అలుగు దగ్గర నురుగు లేచి రోడ్ల మీదికి ఎగిరింది గుర్తుందా? మేం ఆ ఏడు యమలూరు మీదుగానే ఆఫీసుకి వెళ్ళేవాళ్ళం. స్కూటర్ల మీద వెళ్ళేవాళ్ళ మొహాల మీద దూదిపింజల్లా వచ్చి పడేది, ముక్కు మండేది. 2017 ఫిబ్రవరిలో, మళ్ళీ 2018 జనవరిలో ఆ చెరువులో మంటలు లేచాయి. రెండోసారి ఆర్పడానికి సైనికులు దిగాల్సి వచ్చింది. ఆ నురుగులో ఉన్నది శుద్ధి చేయకుండా వదిలేసిన మురుగు, అందులో మన బట్టల సబ్బు, గిన్నెల సబ్బు. దేశమంతా ఆ వీడియోలు చూసి "అయ్యో బెంగుళూరు" అంది. మా వీధిలో మేం కూడా అలాగే అన్నాం, ఆ సబ్బు ఎవరిదో అన్నట్టు.

చెత్తదీ అదే కథ. 2012లో మావళ్ళిపుర దగ్గర చెత్త పోసేచోటు మూతపడితే నగరం వీధుల్లో గుట్టలు గుట్టలుగా పేరుకుపోయింది. ఆ తర్వాత మండూరు. అక్కడి పల్లె జనం ముక్కు మూసుకుని ఏళ్ళ తరబడి ఓర్చుకుని, చివరికి 2014లో లారీలని ఆపేశారు. తడి, పొడి వేరుచేసి ఇవ్వాలని హైకోర్టు గట్టిగా చెప్పింది ఆ రోజుల్లోనే. 2016 కేంద్ర నిబంధనలూ అదే చెప్పాయి. మన చెత్త మాయమైపోలేదు, ఇంకొకళ్ళ ఊరికి వెళ్ళింది. వాళ్ళకీ శనివారాలుంటాయి, వాళ్ళకీ సూర్యోదయం చూడాలనుంటుంది.

ఇక్కడ మా ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది. మీరూ అడుగుతారు. "నువ్వు వేరుచేసి ఇస్తావు, వాళ్ళు తీసుకెళ్ళి లారీలో అంతా ఒకటే కుప్ప పోస్తారు. నీ ఒక్కదానివల్ల ఏమవుతుంది? పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు వదిలేదాని ముందు నీ పాల కవరెంత?"

ఇది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. అందుకే ఒక శుక్రవారం సెలవు పెట్టి, అక్కకి చెప్పి, స్కూటీ మీద బండి వెనకాలే వెళ్ళాను. అక్కకి నవ్వాగలేదు. "సినిమాలో పోలీసు మాదిరి వస్తావుండావు" అంది.

నేను చూసింది ఇది. బండికి రెండు పక్కలా పెద్ద సంచులు వేలాడదీసి ఉంటాయి. వేరుగా ఇచ్చిన పొడి చెత్త అందులోకి పోతుంది. అట్టపెట్టెకి ఒక రేటు, నీళ్ళ సీసాకి ఒక రేటు, కడిగి ఆరబెట్టిన పాల కవరుకి ఒక రేటు. కడగని పాల కవరు కంపు కొడుతుంది, దాన్ని ఎవరూ కొనరు. చిప్స్ ప్యాకెట్టుకైతే విలువే లేదు. ప్లాస్టిక్కూ అల్యూమినియం రేకూ పొరలు పొరలుగా అతికించి చేస్తారు దాన్ని, విడదీయడం కుదరదు. తీసుకెళ్ళి సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో కాల్చడం తప్ప దానికి పెద్దగా దారి లేదు. వేరుచేయకుండా కలిపి ఇచ్చిన ఇళ్ళ చెత్త మాత్రం కలిసే పోయింది, పెద్ద లారీలోకి. మా వీధిలో ముప్పై ఇళ్ళుంటే ఆ రోజు వేరుగా ఇచ్చింది పదకొండు ఇళ్ళు. నేను లెక్కపెట్టాను. అంటే లారీలో కలవకముందే అది మా గేట్ల దగ్గరే కలిసింది. అలాగని అంతా సవ్యంగా లేదు. విడిగా ఇచ్చిన తడి చెత్త కూడా కొంత ఆ కలిసిన దాంట్లోకే పోవడం చూశాను, ఎందుకంటే ఆ రోజు రెండో లారీ రాలేదు. మా ఆయన మాట పూర్తిగా అబద్ధం కాదు. సాయంత్రం ఒప్పుకున్నాను కూడా, పెళ్ళయ్యాక అది రెండోసారి.

అయినా నాకు అక్కడ వేరే లెక్క కనిపించింది. నేను వేరుచేసి ఇవ్వడం వల్ల భూగోళం చల్లబడిందా అని అడిగితే జవాబు లేదు. అక్క మా కవర్లో చెయ్యి పెట్టాల్సిన పని తప్పిందా అంటే తప్పింది, ఆ రోజే తప్పింది. పాల కవర్లు ఎండినవి ఇస్తే వాటి మీద నాలుగు రూపాయలు వచ్చాయా అంటే వచ్చాయి. ఫ్యాక్టరీల పాపం ఫ్యాక్టరీలదే, దాని మీద అరవాల్సిందే. 2016లో స్టీలు ఫ్లైఓవర్ కోసం వందల చెట్లు కొట్టేస్తామంటే జనం రోడ్డు మీదికొచ్చి చేతులు పట్టుకుని నిలబడ్డారు, ఆ మరుసటి ఏడు ప్రభుత్వం దాన్ని మానుకుంది. పెద్ద పనులు అలాగే జరగాలి. కానీ రెండు అంగుళాల గాటు ఏ ఫ్యాక్టరీ పెట్టింది కాదు.

అందుకని "చిన్న అడుగు" అని ఎవరు ఏది చెప్పినా ఇప్పుడు నేనొకటే అడుగుతున్నాను: దీనివల్ల ఎవరి చేతికి పని తగ్గుతుంది? ఈ ప్రశ్న పెట్టుకున్నాక మా ఇంట్లో చాలా సామాను పరువు పోయింది. ముందు గుడ్డసంచులు. లెక్కపెడితే ఇరవై మూడు తేలాయి. పెళ్ళిళ్ళకి, గృహప్రవేశాలకి, ఆఫీసు పర్యావరణ దినోత్సవాలకి ఇచ్చినవి. అందులో సగం చూడ్డానికి గుడ్డలా ఉండే ప్లాస్టిక్కే, నాలుగుసార్లు కూరగాయలు మోస్తే తెగుతాయి. సంచి కొత్తదైతే చాలదు, బజారుకి వెళ్ళేటప్పుడు గుర్తుకు రావాలి. నాకు గుర్తొచ్చేది కూరగాయల బండి దగ్గరికి వెళ్ళాకే. చివరికి ఒక పాత సంచిని స్కూటీ సీటు కింద పడేసి, మిగతావాటిలో చాలావరకు పంచిపెట్టాను. ఇక ఆఫీసులో జూన్ 5న మొక్కలు నాటే కార్యక్రమం. ఒకే మొక్కని ఎనిమిది మంది పట్టుకుని ఫోటో దిగాం. తర్వాతి వేసవిలో వెళ్ళి చూస్తే అక్కడ కర్ర మాత్రం ఉంది. 2024లో బోర్లు ఎండిపోయి, కారు కడిగినా మొక్కలకి మంచినీళ్ళు పోసినా 5,000 రూపాయల జరిమానా అన్న ఏడాది అది, దానికి ఎవరు పోస్తారు నీళ్ళు? ఉన్న చెట్టు చుట్టూ పోసిన సిమెంటుని కొంచెం పగలగొట్టి వేరుకి గాలి ఆడేలా చెయ్యడం మేలు. దానికి ఫోటో బాగా రాదు.

ఆ 2024 వేసవి ఒక మంచి పని చేసింది. కుళాయిలకి జల్లెడ మూతలు పెట్టించింది. ఏరేటర్ అంటారు, తక్కువ ఖర్చు, ప్లంబర్ లేకపోయినా చేత్తో తిప్పి బిగించుకోవచ్చు. నీళ్ళలో గాలి కలిపి వదులుతుంది కాబట్టి ధార అలాగే కనిపిస్తుంది, పడే నీళ్ళు తక్కువ. ఆర్వో ఫిల్టరు ఒక లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ఆ పైపు కింద బకెట్టు పెడితే మా ఇల్లు తుడవడానికి సరిపోతున్నాయి. ట్యాంకరు కోసం తెల్లారుజామున కాపలా కాసే పని మా ఓనరాంటీకి ఆ మేరకి తగ్గింది.

ఓనరాంటీ గురించి చెప్పాలి. ఈ సర్జాపుర రోడ్డు పక్క ఊళ్ళలో పాత కాపురాలు చాలావాటికి ఇంటి భాష తెలుగే, మధ్యమధ్యలో కన్నడం కలిసి ఉంటుంది. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు ఇప్పుడు మేం ఉంటున్న ఇల్లు రాగి చేనంట. నేను మేడ మీద కంపోస్టు కుండలు పెట్టినప్పుడు ఆవిడ మెట్లెక్కి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏమ్మా ఇది, పైన వాసన కొడతా ఉంది?"

వాసన నిజమే. ఎరువు చెయ్యడం సులభమని వీడియోల్లో చెప్పేవాళ్ళు చెప్పనిది ఏమిటంటే, మొదటి నెల అందరిదీ కుళ్ళుతుంది. నేను చేసిన తప్పు తెలుగింటి తప్పు. మిగిలిన పప్పు, పెరుగన్నం, చారు అన్నీ అందులో పోశాను. తడి ఎక్కువై, గాలి ఆడక, అడుగున నల్లటి బురద తేరింది. తెల్లటి పురుగులు లుకలుకలాడుతూ మూత దాకా ఎక్కాయి. మా ఆయన అటుపక్కకి రావడం మానేశాడు. ఆ పురుగులు మంచివేనని, మిగిలిన తిండిని చకచకా తినేసే ఒక రకం నల్ల ఈగ పిల్లలని తర్వాత తెలిసింది. తెలిసినా చూడ్డానికి ధైర్యం చాలదు.

మందు చాలా సులభం. ఎండుటాకులు. ఒక దోసెడు కూరగాయ తుక్కు వేస్తే పైన ఒక దోసెడు కంటే ఎక్కువే ఎండుటాకులు పరవాలి. పచ్చిదాంట్లో నత్రజని, ఎండుదాంట్లో కర్బనం, రెండూ కలిస్తేనే సూక్ష్మజీవులకి కడుపు నిండుతుంది. పుల్ల మజ్జిగ నాలుగు చెంచాలు చల్లితే పని తొందరగా అంటుకుంటుంది. వారానికి ఒకసారి కలబెట్టాలి. అన్నీ కుదిరితే కుండ మధ్యలో చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది, పొయ్యి దించిన గిన్నెలాగా. రెండు నెలలకి మన్నులా మారుతుంది.

ఓనరాంటీ అంతా విని, "మా కాలంలో దీన్ని తిప్ప అనేవాళ్ళం. పెరట్లో గుంత తవ్వి పేడ, బూడిద, కసువు అన్నీ దాన్లోకే. నువ్వు దుడ్డిచ్చి కుండలు కొని మేడెక్కించినావు" అంది. ఆవిడ చెప్పింది నిజమే. మేం కొత్తగా నేర్చుకుంటున్నామని గొప్పలు పోతున్నవి చాలావరకు మా అమ్మమ్మలకి పేరు పెట్టాల్సినంత పని కూడా కాదు. తేడా ఏమిటంటే వాళ్ళకి పెరడు ఉండేది, మాకు ముప్పై-నలభై అడుగుల సైటులో మూడంతస్తులున్నాయి. ఈ నగరంలోనే కుండల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి మేడల్లో ఎరువు చేసే పద్ధతిని డెయిలీ డంప్ అనే సంస్థ 2006 నుంచి ఇళ్ళకి అలవాటు చేస్తోంది. నగలు కొనే చేతులతో కుండలు కొనమంటే మొదట్లో ఎవరు కొన్నారో గానీ, ఇప్పుడు మా వైపు చాలా మేడల మీద కనిపిస్తాయి.

ఎండుటాకులు ఎక్కణ్ణుంచి? వీధిలోనే. జనవరి నుంచి కానుగ, నిద్రగన్నేరు రాలుస్తూనే ఉంటాయి. ఊడ్చేవాళ్ళు పొద్దున్నే కుప్పలు చేస్తారు. ఆ కుప్పల్ని ఎత్తి మోయడం కష్టమని ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. చట్టప్రకారం ఆకులు తగలబెట్టకూడదు, అయినా జనవరిలో మా వీధి పొగతోనే నిద్రలేస్తుంది. ఇప్పుడు వారానికి రెండు గోతాలు మా మేడెక్కుతున్నాయి. పక్కింటి తమిళ తాతగారు ఇంకో రెండు తీసుకుంటున్నారు, వాళ్ళ కోడలికి ఇష్టం లేకపోయినా. మా ఇంటి చెత్తలో సగానికి పైగా తడిదే, అది ఇప్పుడు గేటు దాటడం లేదు. సోమవారం అక్కకి మేం ఇచ్చేది రెండు చిన్న సంచులు: పొడిది ఒకటి, పాప ప్యాడ్లూ బ్లేడ్లూ కాగితంలో చుట్టి ఎర్ర గుర్తు పెట్టింది ఒకటి. పాల కవరు మూల పూర్తిగా కత్తిరించకుండా కొంచెం అంటుకుని ఉండేలా కోస్తున్నాం. ఆ గోరంత ముక్క ఊడి పడితే దాన్ని ఏరేవాళ్ళు ఉండరు, నేరుగా కాలువలోకే. మా ఇంట్లో దీని మీద గొడవలు జరుగుతున్నాయి. మా ఆయన చేతికి కత్తెర ఇస్తే మూల ఊడాల్సిందే.

నంది కొండకి మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకోలేదు, బుద్ధి పుట్టలేదు. ఇంటి నుంచి నడిచి పావుగంట దూరంలో కైకొండ్రహళ్ళి చెరువుంది. 48 ఎకరాలు. ఒకప్పుడు మురుగుతో, పూడికతో పాడైపోయి ఉంటే చుట్టుపక్కల కాలనీలవాళ్ళు, పల్లెవాళ్ళు, నగరపాలిక కలిసి తిరిగి నిలబెట్టుకున్నారు. శనివారాలు ఇప్పుడు అక్కడే. నీళ్ళ మధ్య చిన్న దీవి లాంటి చోట చెట్ల మీద నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ ఉంటాయి. బొల్లికోళ్ళు, నారాయణపక్షులు. ఒకరోజు గూడబాతు కనిపించింది, ముక్కు కింద సంచి వేలాడుతూ. చిన్నప్పుడు మా నాయన నేలపట్టు తీసుకెళ్ళి చూపించిన పక్షి. సూళ్ళూరుపేట దగ్గర ఆ చెరువులో చెట్ల నిండా అవే. అక్కడి రైతులు ఆ పక్షుల రెట్ట కలిసిన నీళ్ళు పొలానికి మంచిదని వాటి జోలికి ఎవరినీ పోనిచ్చేవాళ్ళు కాదని చెప్పేవాడు. ఏ గోలా లేకుండా ఆ పక్షిని గంటసేపు చూశాను. పెట్రోలు కూడా ఖర్చు కాలేదు.

కానీ ఆ చెరువు కట్ట మీద కూడా చిక్కు ఉంది. ఇష్టం ఉన్నవాళ్ళే పాడుచేస్తారు. చేపలకని బ్రెడ్డు తెచ్చి వేసేవాళ్ళు, ఆ బ్రెడ్డు కవరు అక్కడే వదిలేసేవాళ్ళు. పూజ అయిన పూలు కవరుతో సహా నీళ్ళలో వేసి దణ్ణం పెట్టేవాళ్ళు, ఇందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒకావిడతో మెల్లగా అన్నాను, "అక్కా, పూలు మాకివ్వండి, ఎరువు చేసి తులసికి వేస్తాం, దేవుడికి వేసినట్టే" అని. రెండు వారాలు ముఖం చాటేసింది. మూడో వారం పూల కవరు తెచ్చి చేతిలో పెట్టి, "మా అత్తగారికి చెప్పకండి" అంది.

తూర్పున కోలారు వైపు ఇంకో పాఠం నడుస్తోంది. బెంగుళూరు మురుగుని శుద్ధిచేసి 2018 నుంచి కోలారు జిల్లా చెరువుల్లోకి పంపుతున్నారు. ఓనరాంటీ పుట్టిల్లు మాలూరు వైపు. "మా తమ్ముడి బోరులో నీళ్ళు పైకి లేచినాయి. తాగేదానికి మాత్రం భయమే" అంటుంది. ఇంకొక దశ శుద్ధి చెయ్యాలని అక్కడి రైతులు అడుగుతున్నారు, న్యాయమే. మురుగు కాలువలో నేను ఏం పోస్తున్నానన్నది అప్పుడు ఉత్త నా ఇంటి సంగతి ఎలా అవుతుంది? వాడిన నూనె సింకులో పోయడం మానేశాను. మిగిలిపోయిన మాత్రలు, రంగు డబ్బా కడిగిన నీళ్ళు కూడా. సబ్బు పొడి రెండు చెంచాలు వేసే చోట ఒకటి వేస్తున్నాను, బట్టలు ఇంతవరకూ ఫిర్యాదు చేయలేదు.

మూడు వారాల క్రితం సోమవారం, బండి వచ్చేసరికి నేను కింద గేటు దగ్గర ఎరువు జల్లెడ పడుతున్నాను. అక్క చేతి గాటు మానిపోయింది, తెల్లటి గీత ఉంది. బక్కెట్లోకి తొంగిచూసి ఆగింది.

"ఇది మన్ను కాదు గదా. ఎరువు గదమ్మా!"

"మా ఇంట్లో చెత్తే అక్కా, నీకు ఇవ్వకుండా దాచుకున్నది."

"అదీ సంగతి. అందుకే మీ సంచి తేలిగ్గా ఉంటాంది." కాసేపు ఊరుకుని, "పండక్కి ఊరికి పోతావుండా. ఇంటికాడ మల్లెచెట్టు ఉంది, రెండేండ్లుగా పూత లేదు. ఒక సంచి ఇస్తావా?"

ఆ ఇరవై మూడింటిలో మిగిలిన ఒక పెళ్ళి సంచి తెచ్చి నింపాను. "బస్సులో కంపు కొడితే కండక్టరు దింపేస్తాడు" అంది. "కొట్టదక్కా, చూడు" అన్నాను. పిడికెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, తల ఊపింది. సంచి మూతి గట్టిగా ముడేసి బండి వెనక్కి కాకుండా ముందుకి నడిచి, డ్రైవరు సీటు పక్కన తన టిఫిను డబ్బాని కొంచెం జరిపి, దాని పక్కన పెట్టుకుంది.